రెండు కుంచాలవారు – ఖురాన్‌లోని ‘ముతఫ్ఫిఫీన్’ అధ్యాయం: నేపథ్యం, సందేశం

తెలుగులో ‘కొలుచు’ అనే క్రియకు రెండు అర్థాలు. ధాన్యాన్ని కొలుస్తాం, దేవుణ్ణీ కొలుస్తాం. మొదటిది పరిమాణం తేల్చడం, రెండవది సేవించడం. ఈ రెండవ అర్థం నుంచే ‘కొలువు’ వచ్చింది. రాజు తీర్చేదీ కొలువే, నెల తిరిగేసరికి ఇంటికి జీతం తెచ్చేదీ కొలువే. నేను నివసించే శ్రీరాంపూర్‌లో ‘ఆయనకు కొలువుంది’ అంటే సింగరేణి కొలువని వేరే చెప్పనక్కరలేదు. ఒకే మాటలో కొలతా కొలుపూ ఇమిడి ఉండడం మన భాషకు దక్కిన ఒక సొగసు. తరగతిలో నానార్థాలు చెప్పే రోజుల్లో నాకు ఇష్టమైన ఉదాహరణల్లో ఇది ఒకటి.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ధాన్యం కొలిచే చేతిని చూసి ఆ చేతివాడు దేవుణ్ణి ఎంతమాత్రం కొలుస్తున్నాడో తేల్చిచెప్పే అధ్యాయం ఒకటి ఖురాన్‌లో ఉన్నది. అది 83వ సూరా, పేరు ‘అల్ ముతఫ్ఫిఫీన్’. అందులో ఉన్నవి 36 వాక్యాలు మాత్రమే. నాకు అరబ్బీ రాదు. తెలుగు అనువాదాల ద్వారా, ఉర్దూ వ్యాఖ్యానాలు చదివిన మిత్రుల ద్వారా తెలుసుకొన్నదే చదువరుల ముందు ఉంచుతున్నాను. ఖురాన్‌ను మొట్టమొదట తెలుగులోకి తెచ్చినవారు డాక్టర్ చిలుకూరి నారాయణరావుగారు. ‘ఆంధ్రభాషాచరిత్రము’ రచించిన ఆ మహాపండితుడే ఇరవయ్యవ శతాబ్ది తొలి భాగంలో ఈ పనికి పూనుకొన్నారు. ముస్లిం కాని ఒక తెలుగు పండితుడు ఆ దారి వేశాక, తర్వాతి కాలంలో ముస్లిం పండితులు పలువురు తెలుగు అనువాదాలు వెలువరించారు. ఆ దారిన నడిచే సాహసమే నాదీను.

పేరులోని చిన్నతనం

ముందు పేరు చూద్దాం. ‘ముతఫ్ఫిఫీన్’ అంటే తక్కువ కొలిచేవారు, తక్కువ తూచేవారు. దీని మూలంలో ఉన్న ‘తఫీఫ్’ అనే మాటకు అల్పమైనది, లెక్కకు రానిది అని అర్థమని నిఘంటుకారులు చెబుతారు. అంటే ముతఫ్ఫిఫ్ గజదొంగ కాడు. కన్నం వేసేవాడు కాడు, దారి కాచి కొట్టేవాడూ కాడు. మానికకు పిడికెడు, శేరుకు చిటికెడు తగ్గించేవాడు. పోగొట్టుకొన్నవాడికి ఆ సంగతే తెలియదు. తెలిసినా ఇంతమాత్రానికి పోట్లాట దేనికని ఊరుకొంటాడు. అందుచేత న్యాయస్థానానికి ఎక్కని దొంగతనం ఇది. అటువంటి అల్పదోషం మీద ఒక అధ్యాయం నిలబడడం, అదీ ‘వినాశం’ అనే శాపవాక్యంతో మొదలు కావడం గమనింపదగినది.

మదీనాలో ఇద్దరు కొలతవారు కాదు, ఒకడే

నేపథ్యం సంగతికి వద్దాం. క్రీ.శ. 622లో మహమ్మదు ప్రవక్త మక్కా విడిచి యస్రిబ్ చేరారు. అదే తర్వాత మదీనా అయింది. మక్కా వర్తకుల పట్టణం, అక్కడ తూకానిది పైచేయి. మదీనా ఖర్జూరపు తోటల ఊరు, అక్కడ కొలతది పైచేయి. తూకానికి మక్కావారి తూకం, కొలతకు మదీనావారి కొలత ప్రమాణం కావాలన్న హదీసు ఒకటి ఉన్నది. ఈ తేడాను బట్టి చూస్తే దాని ఔచిత్యం బోధపడుతుంది.

మదీనావారి కొలపాత్రలు రెండు, ముద్దు, సా. మనిషి రెండు అరచేతులూ కలిపి పట్టినంత ముద్దు. మన ‘దోసెడు’ అన్నమాట. నాలుగు ముద్దులు ఒక సా. రంజాను పండుగనాడు పేదలకిచ్చే ఫిత్రా దానం లెక్క నేటికీ ఈ సా మీదనే ఆధారపడి ఉంది. నేడు దాన్ని కిలోలలోకి, రూపాయలలోకి మార్చి ప్రకటిస్తున్నారు గాని, మూలం ఆ ఖర్జూరపు తోటల కొలపాత్రే.

ప్రవక్త మదీనా చేరే నాటికి అక్కడివారు కొలతల విషయంలో చాలా చెడ్డగా ఉండేవారని, ఈ వాక్యాలు వెలువడ్డాక కొలతలు చక్కబరచుకొన్నారని ఇబ్న్ అబ్బాస్ చెప్పినట్లుగా ఇబ్న్ మాజా హదీసు సంకలనంలో ఉంది. అధ్యాయాల అవతరణ సందర్భాలను సేకరించిన పదకొండవ శతాబ్దపు పండితుడు అల్ వాహిదీ గ్రంథంలో మరొక వృత్తాంతం కనిపిస్తుంది. అబూ జుహైనా అనే ఒక మదీనావాసి దగ్గర రెండు సాలు ఉండేవట. ఒకదానితో ఇచ్చేవాడు, ఇంకొకదానితో పుచ్చుకొనేవాడు. ఏది పెద్దదో ఏది చిన్నదో చదువరులకు నేను చెప్పనక్కరలేదు.

ఈ అధ్యాయం మక్కాలో వెలువడిందా మదీనాలోనా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. పై వృత్తాంతాలను బట్టి మదీనా అనేవారు కొందరు. చివరి వాక్యాల్లో విశ్వాసులను చూసి నవ్వే, కన్నుగీటే ధనికుల వర్ణన ఉంది. అది విశ్వాసులు దుర్బలులుగా ఉన్న మక్కా నాటి స్థితి గనుక మక్కా అనేవారు మరికొందరు. 1924లో కైరోలో అచ్చయిన ప్రామాణిక ప్రతి దీన్ని మక్కా అధ్యాయాల్లో చిట్టచివరిదిగా లెక్కించింది. రెండు ఊళ్ళ నడుమ ప్రయాణంలో వెలువడిందన్నవారూ లేకపోలేదు. మొదటి భాగం మదీనాది, తక్కినది మక్కాది అని విడదీసినవారూ ఉన్నారు.

నా మట్టుకు నాకు ఈ అధ్యాయాన్ని విడదీయడం తగదనిపిస్తుంది. కారణం దాని అల్లిక. అది కొలతతో మొదలై చెల్లింపుతో ముగుస్తుంది. మొదటి వాక్యాల్లో ఉన్నది మనిషి మనిషికి తగ్గించి ఇవ్వడం. చిట్టచివరి వాక్యంలో ఉన్నది, చేసిన పనులకు ప్రతిఫలం వారికి ముట్టిందా అనే ప్రశ్న. ఆరంభంలో తగ్గిన కొలతకు అంతంలో సరి అయిన చెల్లింపు. ఈ రెండు కొనలనూ కలిపే దారం నడుమ అంతటా కనిపిస్తూనే ఉంది.

నేరం ఎక్కడ ఉన్నది?

ఈ అధ్యాయం చూపే నేరాన్ని సరిగా గుర్తించడం ముఖ్యం. తక్కువ ఇవ్వడం ఒక్కటే అయితే ఒక వాక్యంతో సరిపోయేది. మొదట చెప్పినది పుచ్చుకొనే వేళ సంగతి. ఇతరుల నుంచి కొలిపించుకొనేటప్పుడు వీరు నిండుగా పుచ్చుకొంటారు. అది స్వతహాగా తప్పు కాదు, తన వాటా నిండుగా కోరడం ఎవరికైనా హక్కే. ఆ వెంటనే ఇచ్చే వేళ సంగతి చెప్పింది. అప్పుడు తగ్గిస్తారు. ఈ రెండూ పక్కపక్కన నిలిపినప్పుడు గాని నేరం బయటపడదు. నిండుదనం అంటే ఏమిటో వీరికి బాగా తెలుసు, తమ పాత్ర నిండాలనీ తెలుసు. ఆ తెలివిడి ఎదుటివాడి పాత్ర దగ్గరకు వచ్చేసరికి మాయమవుతుంది. కనుక ఇది అజ్ఞానం కాదు.

అటుపైన అడిగే ప్రశ్న మరీ సూక్ష్మమైనది. ఒక మహాదినాన మళ్ళీ లేపబడతామని వీరు అనుకోరా అంటుంది. ‘నమ్మరా’ అని కూడా కాదు. అక్కడ వాడిన అరబ్బీ మాటకు మూలార్థం తలపోయడం, ఊహించడం. దృఢవిశ్వాసం దాకా పోనక్కరలేదు, అలా జరగవచ్చునన్న ఊహ మాత్రం ఉన్నా చేయి వణికేది కదా అని భావం. పరలోకవిశ్వాసాన్ని పరీక్షించడానికి ఈ అధ్యాయం ప్రార్థనాలయానికి పోలేదు, నేరుగా అంగడికి పోయింది.

తరువాత వచ్చేవి రెండు చిట్టాలు. దుర్మార్గుల చిట్టా ‘సిజ్జీన్’లో, సజ్జనుల చిట్టా ‘ఇల్లియ్యీన్’లో ఉంటాయి. సిజ్జీన్‌కు చెరసాల అనే అర్థమున్న మాటతో, ఇల్లియ్యీన్‌కు ఔన్నత్యంతో సంబంధం చూపుతారు వ్యాఖ్యాతలు. రెండూ గుర్తులు వేసి రాసిన లిఖితాలే. వర్తకుడికి అర్థమయ్యే భాష ఇది. మన తెలుగు షావుకారు చిట్టాలో ఉండే జమ, బాకీ, వసూలు అనే మాటలు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చినవే. తరాజు పారసీ మాట. లెక్కల పరిభాషను వారి నుంచి తెచ్చుకొన్న మనకు ఈ అధ్యాయపు లెక్క అర్థం కావడం కష్టమేమీ కాదు.

ఆ తర్వాత ఒక మహత్తరమైన ఉపమానం ఉంది. వారు సంపాదించుకొన్నదే వారి హృదయాల మీద తుప్పుగా పట్టిందట. సంపాదన బొక్కసంలో చేరిందని వారు అనుకొన్నారు. నిజానికి అది చేరిన చోటు వేరు. మనిషి తప్పు చేసినప్పుడు హృదయం మీద నల్లని చుక్క పడుతుందని, పశ్చాత్తాపపడితే తుడిచిపెట్టుకు పోతుందని, లేకుంటే పెరిగి మొత్తం కమ్ముకొంటుందని ఈ వాక్యానికి వివరణగా ఒక హదీసు చెబుతారు. పిడికెడు తగ్గించినందుకు ఇంత శాపమా అనేవారికి సమాధానం ఇక్కడ ఉంది. తుప్పు ఒక్కరోజులో తినదు. ప్రతిరోజూ పిసరంత తింటుంది. అల్పమైనది గనుక కనబడదు, కనబడదు గనుక పోగొట్టుకొనే ప్రయత్నం ఉండదు.

సజ్జనులకు దొరికే పానీయం సంగతి కూడా కొలత దృష్టితో చూడవలసినదే. అది ముద్ర వేసిన పానీయం, ఆ ముద్ర కస్తూరిది. ముద్ర వేసినదంటే మరొకరు చేయి పెట్టనిది, కల్తీ లేనిది, తగ్గనిది. లోకంలో తగ్గించి ఇచ్చినవారి మధ్య బ్రతికినవారికి అక్కడ ముద్ర చెదరని పాత్ర ముడుతుందన్నమాట. పోటీపడేవారు దీనికోసం పోటీపడాలని కూడా అక్కడే చెప్పబడింది.

మన కొలపాత్రలు

ఇది ఎక్కడో అరబ్బు దేశపు ముచ్చట అనుకోవడానికి వీలులేదు. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, ఇరస, తూము, పుట్టి – ఈ వరుస మా తరంవారికి ఎక్కాలతోపాటు వచ్చినది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, ఇరవై తూములు పుట్టి. దుఃఖాన్ని కూడా పుట్లతో కొలిచిన జాతి మనది, ‘పుట్టెడు దుఃఖం’ అంటాం. కల్లంలో రాశి కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనక ‘లాభం’ అని పిలిచే ఆచారం మనది. అయితే కుంచమన్నది అన్ని ఊళ్ళలో ఒకటి కాదు. ఒక ఊరి కుంచం మరొక ఊరి కుంచానికి సరిపోయేది కాదు. అంచుకు సమంగా రాసి కొలవడం ఒక పద్ధతి, పైన పోగు నిలిచేటట్టు కొలవడం మరొక పద్ధతి. ఈ రెంటి నడుమ ఎన్ని గింజలు ఎవరి వైపు జారినవో చెప్పడం కష్టం.

నైజాము పాలనలోని తెలంగాణ పల్లెల్లో ‘నాగు’ పద్ధతి ఉండేది. విత్తనాలకో తిండికో అప్పుగా ఇచ్చిన ధాన్యాన్ని పంట చేతికి రాగానే అదనం కలిపి కల్లంలోనే కొలుచుకొనిపోవడం. ఆ వడ్డీకి తోడు, ఇచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకొనేటప్పుడు ఇంకొక కుంచం వాడేవారని పెద్దలు చెప్పగా చిన్ననాట విన్నాను. అబూ జుహైనా రెండు సాల కథ చదివినప్పుడు ఆ మాటలే జ్ఞాపకం వచ్చాయి. దేశం వేరు, కాలం వేరు, పాత్ర పేరు వేరు.

మన ప్రాచీనులు దీన్ని ఎరగనివారు కారు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో తూనికలు, కొలతలు చూడడానికి పౌతవాధ్యక్షుడనే అధికారిని ఏర్పాటు చేశాడు. తూనికరాళ్ళు ఇనుముతో గాని, మగధ, మేకల దేశాల రాతితో గాని చేయించాలన్నాడు. నాలుగు నెలలకొకసారి ముద్ర వేయించుకోవాలన్నాడు. మనుస్మృతి ఆరు నెలలకొకసారి రాజు వాటిని పరీక్షించాలన్నది. యూదుల ధర్మశాస్త్రంలో సంచిలో రెండు రకాల తూనికరాళ్ళు ఉంచుకోరాదన్న నిషేధం ఉంది. ఖురాన్‌లోనే మరికొన్ని చోట్ల, మద్యన్ ప్రజలకు షుఐబ్ ప్రవక్త చేసిన బోధలో కొలతలు నిండుగా ఇవ్వండన్నదే ముఖ్యాంశం. స్వతంత్ర భారతంలో 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. మెట్రిక్ పద్ధతి క్రమంగా అమలై కుంచాలు, శేర్లు, వీశెలు మూలపడ్డాయి.

రాజు చేయగలిగింది పాత్రను సరిచేయడం. నాలుగు నెలలకొకసారి ముద్ర వేస్తాడు, సరే. ఆ రెండు ముద్రల నడుమ ఉన్న రోజుల మాటేమిటి? ఈ అధ్యాయం మాట్లాడేది ఆ రోజుల గురించి. అందుకే ఇందులో జుర్మానా లేదు, కొరడా దెబ్బ లేదు. పాత్ర పట్టుకొన్న చేయి ఒంటరిగా ఉన్నప్పుడు దానికి ఎదురుగా మహాదినాన్ని నిలిపింది, అంతే.

బొగ్గు టబ్బు

గోదావరికి ఆవల గోదావరిఖని, రామగుండం, ఈవల మా శ్రీరాంపూర్, మంచిర్యాల. ఇది బొగ్గుతో బ్రతికే నేల. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1889 నాటికి తవ్వకం సాగింది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు ఏర్పడింది. యంత్రాలు విస్తరించకముందు గనిలో తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్లే ఈ పట్టణాలను నిలబెట్టారు. నింపిన టబ్బుల లెక్కన కూలి కట్టే పద్ధతి బొగ్గు పరిశ్రమలో దీర్ఘకాలం నడిచింది. అటువంటి చోట టబ్బే కుంచం. అది నిండిందని ఎవరు చెప్పాలి, నింపినవాడా, లెక్క రాసేవాడా?

ఇంగ్లండు గని కార్మికులు ఈ ప్రశ్న కోసమే ఏళ్ళ తరబడి పోరాడారు. టబ్బు తగినంత నిండలేదనో రాయి కలిసిందనో చెప్పి దాని కూలి మొత్తం ఎగ్గొట్టే ఆచారం అక్కడ ఉండేది. చివరకు 1860 నాటి గనుల చట్టంలో, తూకం దగ్గర తమ తరఫున ఒక మనిషిని నిలబెట్టుకొనే హక్కు కార్మికులకు దక్కింది. ‘చెక్‌వేయర్’ అన్న ఆ మనిషి స్థానాన్ని 1887 నాటి చట్టం మరింత బలపరచింది. తరాజు పక్కన పేదవాడి కన్ను కూడా ఉండాలన్న ఒక చిన్న ఏర్పాటు అది. దానికోసం ఎన్ని సమ్మెలు నడిచాయో చూస్తే, ‘తఫీఫ్’ అన్నది ఎంత అల్పమో, ఎంత అనల్పమో తెలుస్తుంది.

కొలత అన్నది ధాన్యానికి, బొగ్గుకు మాత్రమే చెందినది కాదు. ఎనిమిదవ శతాబ్దంలో మదీనాలో ఉన్న ఇమామ్ మాలిక్ ‘మువత్తా’ గ్రంథంలో ఒక సంఘటన ఉంది. సాయంకాలపు ‘అసర్’ నమాజుకు రాని ఒక మనిషి సాకు చెప్పగా, ఖలీఫా ఉమర్ ఆయనతో, నీవు తగ్గించి కొలిచావన్నారట. అక్కడ వాడిన మాట ఈ అధ్యాయం పేరులోని క్రియే. ప్రతి విషయంలోనూ నిండుదనమూ ఉంటుంది, తగ్గింపూ ఉంటుంది అన్న లోకోక్తిని మాలిక్ అక్కడ జోడించారు. ఆ లెక్కన మస్టరు పడిన మనిషి చేసే ఎనిమిది గంటల పని ఒక కొలత. ఆ పనికి యజమాని ఇచ్చే కూలి ఒక కొలత. ముందు బెంచీ పిల్లవాడికీ వెనుక బెంచీ పిల్లవాడికీ ఉపాధ్యాయుడు పంచే శ్రద్ధ ఒక కొలత. హక్కు అడిగేటప్పుడు ఏ పాత్ర పట్టుకొంటామో, బాధ్యత తీర్చేటప్పుడు ఆ పాత్రే పట్టుకోవాలన్నది సారాంశం. ఇది కార్మికుడికీ వర్తిస్తుంది, అధికారికీ వర్తిస్తుంది. ఎవరికి వారు ఎదుటివాడి మీదికి తోసివేసుకోవడానికి వీలులేని నీతి.

చదివే కొలత

ఇంకొక కొలత గురించి కూడా చెప్పి ముగిస్తాను. అసలు ఈ వ్యాసం రాయాలనిపించినది అందుకే.

పరమతగ్రంథాలను చదివేటప్పుడు మనలో చాలామంది చేతిలో రెండు కుంచాలు ఉంటాయి. మన గ్రంథంలో కఠినవాక్యం కనిపిస్తే దాని కాలం చూడాలంటాం, సందర్భం చూడాలంటాం, వ్యాఖ్యాతలు ఏమన్నారో చూడాలంటాం. పొరుగువాడి గ్రంథంలో అటువంటిదే కనిపిస్తే వాక్యం ఒక్కటే చాలునంటాం. పొరుగువాడూ మన గ్రంథాన్ని అలాగే చదువుతాడు. పుచ్చుకొనేటప్పుడు నిండుగా, ఇచ్చేటప్పుడు వెలితిగా. కొలపాత్ర కంటికి కనబడదు గాని, కొలత మాత్రం ముమ్మాటికీ ముతఫ్ఫిఫీన్ కొలతే. ఈ అధ్యాయంలోనే మహాదినాన్ని కాదన్నవాడు వచనాలు విని, ఇవి పూర్వుల కట్టుకథలని ఒక్క మాటతో తీసిపారేస్తాడు. అది ఆ కాలపు మక్కా ధనికుడి వైఖరి. ఆ మాట చెప్పడానికి చదవవలసిన పని కూడా లేదు.

సిజ్జీన్, ఇల్లియ్యీన్ ఉన్నాయని నమ్మేవారు నమ్ముతారు, నమ్మనివారు నమ్మరు. ఆ తీర్పు చెప్పడం తెలుగు పండితుడి పని కాదు. అయితే ఒక కుంచమే వాడమన్న మాటకు విశ్వాసం అడ్డు రాదు. చిలుకూరివారు ఆ ఖురాన్‌ను తెలుగు చేయడానికి కూర్చున్నప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఒకే కుంచం అయి ఉండాలి. లేకుంటే అంత శ్రమకు పూనుకొనేవారు కారు.

రాబోయే రంజానులో ఈ గనుల పట్టణంలోని ముస్లిం కుటుంబాలు పండుగ నమాజుకు ముందే ఫిత్రా లెక్క కట్టి పేదవారికి అందజేస్తాయి. ఇంటిల్లిపాదికీ, ఉయ్యాలలోని పసిబిడ్డకు సైతం, మనిషికింత అని లెక్క. తగ్గించడానికి వీలులేదు, హెచ్చించి ఇస్తే మంచిదే. మన పక్కింట జరిగే ఆ కొలతను ఈసారి కాస్త గమనించి చూడవలసిందిగా చదువరులకు మనవి.